కొలత లేని బట్టే కొత్తవారికి మేలు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ మీదుగా మనవాళ్ళు విదేశాలకు పోవడం చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు అక్కడే ఉండి ఇక్కడి బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మేవారూ బయలుదేరారు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక డల్లాస్ వెళ్ళిన మా పెదనాన్న కూతురికీ అదే ఆలోచన. పెట్టుబడికి మా పత్తి డబ్బు అడిగింది. "ఎకరం ఎండితే మళ్ళా కారున్నది, ఇది పోతే ఏమున్నదిరా?" అన్నాడు నాన్న. ఆ ప్రశ్న కోసం నేను తెలుసుకున్నవే ఈ నాలుగు సంగతులు.

మొదటిది అనుమతి. అమెరికాలో స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా వ్యాపారం నడిపితే వీసాకే ముప్పు. హెచ్-4 వీసా వారికీ పని అనుమతి కావాలి. 2015 నుంచి వారిలో కొందరికే అది దొరుకుతోంది. అక్కకు వచ్చింది కాబట్టి మాట ముందుకు సాగింది. ఇక్కడ సరుకు ఎగుమతి చేసేవారు కూడా ఎగుమతి, దిగుమతి కోడ్ తీసుకోవాలి.

రెండోది సరుకు. కుట్టిన డ్రెస్సులకు సైజు చిక్కుంది. బిగుతైందని ఒకటి తిరిగొస్తే, సముద్రం దాటించే ఖర్చే దాని ధరను మించవచ్చు. చీరకు ఆ బాధ లేదు. పైగా పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. అందుకే డిజైన్ రెండు వైపులా కనబడుతుంది. అచ్చు వేసిన నకలు వెనకవైపు వెలవెలబోతుంది. ఫాల్, పీకో మాత్రం ఇక్కడే కుట్టించి పంపాలి.

మూడోది రవాణా. కొరియర్ వారు బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. 40, 30, 20 కొలతల పెట్టెకు 4.8 కిలోలు వస్తుంది. లోపల రెండు కిలోలే ఉన్నా 4.8కే డబ్బు కట్టాలి. ఇంకొకటి, అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. ఆ సుంకం కలపకుండా ధర చెప్పకూడదు.

నాలుగోది రంగు. బట్ట తనపై పడ్డ వెలుతురును తిప్పి పంపుతుంది, ఫోన్ తెర తానే వెలుగునిస్తుంది. అందుచేత రెండూ అచ్చం ఒకేలా ఉండవు. పగటి వెలుతురులో నీడపట్టున ఫోటో తీసి, తేడా ఉండవచ్చని ముందే చెప్పడం న్యాయం.

నాన్న విత్తనాలు కొన్నాక గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలిచాయో చూసిగానీ చేనుకు పోడు. మేమూ అలాగే పది చీరలతో చూద్దామనుకున్నాం. అవి అమ్ముడుపోతేనే పదకొండోది. నేతగాడికి మాత్రం రొక్కమే ఇవ్వాలి, అరువు పెట్టకూడదు. మన పరీక్షలో నష్టమొస్తే అది మన గింజలకే రావాలి, అతని మగ్గానికి కాదు.

మిత్రులారా, అన్నో అక్కో ఫోన్ చేసి "వ్యాపారం పెడదాం" అంటే కాదనకండి. అమ్మే ధర సంగతి తర్వాత, చేరేసరికి ఎంతవుతుందో ముందు కాగితం మీద వేయండి.