ఎంపీని కొనాల్సిన పనే లేదు

పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరుతుంది. బిల్లు పేరు మారుతుంది, కోట్ల లెక్క మారుతుంది, మిగతాదంతా ఒకటే. ఈ బిల్లుకు ఓటేసినందుకు ఒక్కో ఎంపీకి ఇన్ని కోట్లు ముట్టాయి, చట్టం ఎప్పుడో అమ్ముడుపోయింది, ఇక మనం మొత్తుకున్నా ఒరిగేదేమీ లేదు అని దాని సారాంశం. చదివినవాళ్లలో సగం మంది నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా ‘నిప్పు లేనిదే పొగ రాదు కదా’ అంటూ మరో గ్రూపుకు పంపుతారు.

దీనివల్ల జరిగే నష్టం కళ్లకు కనిపిస్తూనే ఉంది. కేంద్రం ఒక ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు చెప్పమంటుంది. ఆ గడువులోగా కంపెనీల సంఘాలు లాయర్లను కూర్చోబెట్టి, క్లాజుకొక పేజీ చొప్పున అభ్యంతరాలు రాయించి పంపుతాయి. ఆ చట్టం కింద బతకాల్సిన రైతు, చిరువ్యాపారి, రోగి, వినియోగదారుడు మాత్రం ‘ఎందుకు దండగ’ అని ఊరుకుంటారు. ఒక వినియోగదారుల సంఘం సమావేశంలో ఇది నేను కళ్లారా చూశాను. అభ్యంతరపత్రం సిద్ధమైంది, సంతకాలే మిగిలాయి. ఎవరో ఫోన్‌లో ఆ మెసేజ్ చదివి వినిపించారు. కాగితం మడిచి పక్కన పెట్టేశారు. డబ్బున్నవాడికి ఇంతకన్నా పెద్ద సాయం ఎవరూ చేయలేరు.

అసలు సంగతి చూద్దాం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ విప్ జారీ చేశాక దాన్ని కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. బిల్లు మీద పార్టీ ఒక నిర్ణయం తీసుకున్నాక ఆ పార్టీ ఎంపీలంతా అటే నడవాలి. తనంతట తాను వేసుకునే వీల్లేని ఓటును ఏ కంపెనీ అయినా కోట్లు పోసి ఎందుకు కొంటుంది? పైగా మన బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో రికార్డుల్లోనే ఉండదు.

ఎంపీలకు డబ్బు ముట్టిన కేసులు లేవా అంటే ఉన్నాయి. 1993 జులైలో పీవీ నరసింహారావు ప్రభుత్వాన్ని అవిశ్వాసం నుంచి కాపాడేందుకు జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు ముడుపులు అందాయన్న కేసు దేశమంతా చూసింది. పీవీ మీద ఆ కేసు 2002లో ఢిల్లీ హైకోర్టులో వీగిపోయింది. 2005 డిసెంబరులో, సభలో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నారని 11 మంది ఎంపీలను బహిష్కరించారు. డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీకి విచారణ నుంచి రక్షణ ఉంటుందని 1998లో చెప్పిన తీర్పును 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. కానీ ఈ రెండు కేసులూ దేని గురించి? ఒకటి ప్రభుత్వం నిలుస్తుందా పడుతుందా అన్న ఓటు, రెండోది సభలో అడిగే ప్రశ్న. బిల్లులు పాస్ చేయించుకోవడానికి ఎంపీలను పేరుపేరునా కొన్నారన్న కథకు ఇవి సాక్ష్యం కావు.

డబ్బూ పలుకుబడీ పనిచేసేది సభకు ముందు, ముసాయిదా రాసే మంత్రిత్వ శాఖలో. సభ తర్వాత, చట్టం కింద నిబంధనలు రాసేటప్పుడు. మధ్యలో, ఎవరూ పట్టించుకోని పార్లమెంటరీ కమిటీ గదిలో. టీవీలో కనిపించే ఓటింగ్ మీదే మన కళ్లన్నీ ఉంటే ఈ మూడు చోట్లకూ కాపలా ఉండదు.

సిగరెట్, బీడీ కట్టల మీద కనిపించే క్యాన్సర్ బొమ్మ సంగతే తీసుకోండి. పొగాకు నియంత్రణ చట్టం 2003లో వచ్చింది. హెచ్చరిక ఉండాలని చట్టం చెప్పింది గానీ ఎంత పెద్దదిగా ఉండాలన్నది నిబంధనలకు వదిలేసింది. పోరాటమంతా అక్కడే జరిగింది. అట్టకు ఒక వైపున 40 శాతం ఉన్న హెచ్చరికను రెండు వైపులా 85 శాతానికి పెంచుతూ 2014 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. గడువుకు కొన్ని రోజుల ముందు అది ఆగిపోయింది. ఆపింది ఏ ఓటింగూ కాదు. నిబంధనలను పరిశీలించే లోక్‌సభ కమిటీ ఒకటుంది, దాని అభ్యంతరం సరిపోయింది. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చెప్పే భారతీయ అధ్యయనం లేదని ఆ కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ అన్నారు. కమిటీ సభ్యుల్లో ఒకరైన అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా స్వయంగా బీడీ వ్యాపారి. ఇక్కడ సూట్‌కేసు ఎందుకు? వ్యాపారమే కమిటీలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

భారతీయ అధ్యయనం లేదన్న మాట విని తెలుగువాళ్లకు ఒళ్లు మండాలి. శ్రీకాకుళం ప్రాంతంలో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ అలవాటు అంగిలిని ఎలా పాడుచేస్తుందో తేల్చడానికి పరిశోధకులు ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లోనే ఫలితాలు ప్రచురించారు. డాక్టర్ కె.శ్రీనాథ్‌రెడ్డి సహ సంపాదకుడిగా పొగాకు నియంత్రణపై ఒక సమగ్ర నివేదికను 2004లో కేంద్ర ఆరోగ్య శాఖే వెలువరించింది. మన ఊరి తల్లుల నోళ్లలోంచి తీసిన సాక్ష్యాన్ని, దేశ రాజధానిలో ఒక కమిటీ లేదు పొమ్మంది. నన్ను బాధించేది ఇదీ.

ఆ కథ అక్కడితో ఆగలేదు. డాక్టర్లు, క్యాన్సర్ బాధితులు గొంతెత్తారు. రాజస్థాన్ హైకోర్టు అమలు చేయమంది. 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతం హెచ్చరిక తప్పనిసరైంది. దానికి నిరసనగా ఐటీసీ, గాడ్‌ఫ్రే ఫిలిప్స్, హైదరాబాద్‌లోని వీఎస్‌టీ సిగరెట్ల ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనను కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. ప్రకాశం జిల్లా పొగాకు రైతును, నిజామాబాద్ బీడీ కార్మికురాలిని అడ్డుపెట్టుకుని అంత బలమైన పరిశ్రమ పోరాడినా ఓడిపోయింది. చట్టం ముందే అమ్ముడుపోయి ఉంటే ఇది ఎలా జరిగింది?

ఇదొక్కటే కాదు. 2009 అక్టోబరులో జన్యుమార్పిడి వంకాయకు నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టారు. అందులో హైదరాబాద్ ఒకటి. రైతులు వచ్చి ముఖం మీదే చెప్పారు. 2010 ఫిబ్రవరి 9న మంత్రి దాన్ని నిలిపేశారు. 2015లో ఇంటర్నెట్ సమానత్వం మీద టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఉచితం పేరుతో కొన్ని వెబ్‌సైట్లే చూపించే పథకం కోసం ఫేస్‌బుక్ పేపర్లలో పేజీల కొద్దీ ప్రకటనలు ఇచ్చింది. అయినా 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి పథకాలను నిషేధించింది.

చిల్లర అపోహలు ఇంకొన్ని ఉన్నాయి, వాటికింత చోటు అక్కర్లేదు. వాల్‌మార్ట్ మన ఎంపీలకు 125 కోట్లు పంచిందని 2012లో గగ్గోలు పుట్టింది. ఆ కంపెనీ అమెరికా సెనెట్‌కు ఇచ్చిన లెక్క అది. అక్కడి చట్టసభ సభ్యులను, అధికారులను ప్రభావితం చేయడానికి, భారత్‌తో పాటు పదుల కొద్దీ అంశాల మీద కొన్నేళ్లపాటు పెట్టిన ఖర్చు. అమెరికాలో లాబీయింగ్ అంటే లంచానికి లైసెన్సు అన్నది కూడా తప్పే, 1995 చట్టం ప్రకారం అక్కడి పైరవీకారులు పేరు నమోదు చేసుకుని ఎవరి తరఫున పనిచేస్తున్నారో, ఎంత తీసుకున్నారో చెప్పాలి. లంచమిస్తే జైలే. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. 2013లో ఎంపీ కాళికేశ్ సింగ్‌దేవ్ పెట్టిన ప్రైవేటు బిల్లు చర్చకే నోచుకోకుండా కాలం చేసింది.

ఒకటి మాత్రం ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పదు. డబ్బు చట్టాన్ని తనకు కావలసినట్టు మార్చుకుంటుందన్న మాట పార్టీల విరాళాల దగ్గరికి వచ్చేసరికి నిజమే. వేదాంత గ్రూపు కంపెనీల నుంచి బీజేపీ, కాంగ్రెస్ విరాళాలు తీసుకోవడం విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. పార్టీలు ఏం చేశాయి? అలాంటి విరాళాలు చెల్లేలా 2016 ఆర్థిక బిల్లులో ఆ చట్టాన్ని సవరించి 2010 నుంచి వర్తింపజేశారు. అదీ చాలలేదని 2018 ఆర్థిక బిల్లులో ఇంకో సవరణ పెట్టి 1976 దాకా వెనక్కి జరిపారు. ఆ బిల్లు 2018 మార్చి 14న లోక్‌సభలో చర్చ లేకుండానే పాసైంది. అప్పుడు ప్రత్యేక హోదా కోసం మన ఎంపీల నినాదాలతో సభ హోరెత్తుతోంది. ఆ గోలలో ఇది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎన్నికల బాండ్లూ ఈ దారినే వచ్చాయి. 2017 ఆర్థిక చట్టంతో కంపెనీల విరాళానికి ఉన్న 7.5 శాతం పరిమితి తీసేశారు, ఎవరికి ఇచ్చారో చెప్పనక్కర్లేదన్నారు. ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి రాజ్యసభ అడ్డుకోలేకపోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేసరికి సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడయ్యాయి. బయటపడ్డ జాబితాలో 966 కోట్లతో రెండో స్థానంలో ఉన్నది మన హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్. ఇచ్చిన ప్రతి రూపాయికీ ఒక చట్టం మారిందని నేననను. కానీ ఇచ్చినవాడి పేరు ఏళ్ల తరబడి ఓటరుకు తెలియకుండా దాచిపెట్టింది పార్లమెంటు చేసిన చట్టమే. బాండ్లు పోయాయి కదా, ఇక అంతా శుభ్రమన్న మాటా నమ్మకండి, కంపెనీల విరాళాలను పార్టీలకు చేర్చే ఎన్నికల ట్రస్టుల దారి తెరిచే ఉంది.

కాబట్టి ఆర్థిక బిల్లును ఆదాయపన్ను శ్లాబుల దగ్గర ఆపేయకుండా చివరిదాకా చదవండి. పన్నుతో సంబంధం లేని సవరణలు సాధారణంగా ఆ చివర్లోనే ఉంటాయి. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్రం 2014లో తానే నిర్ణయించుకుంది, పాటించకపోతే అడగండి. అభిప్రాయం రాసేటప్పుడు ఎవరో తయారుచేసిన నమూనా మీద సంతకం పెట్టి పంపొద్దు. ఫేస్‌బుక్ తన వినియోగదారుల చేత లక్షల కొద్దీ పంపించిన ఒకే తరహా సందేశాలు అడిగిన ప్రశ్నకు జవాబు కావని ట్రాయ్ తప్పుపట్టింది. క్లాజు నంబరు వేసి, అందులో ఏ మాట మారాలో రాసి, అది మీ పొలంలోనో మీ దుకాణంలోనో ఎలాంటి ఇబ్బంది తెస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఇంగ్లీషు కష్టమైతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. గడువు ముగిశాక, ఆ ముసాయిదా మీద ఏ కంపెనీలు ఏం రాశాయో సమాచార హక్కు చట్టం కింద అడగండి.

పార్లమెంటులో శాఖల వారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 31 మంది సభ్యులు. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నారో, ఆ సంఘం చేతిలో ఇప్పుడు ఏ బిల్లు ఉందో లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో కనిపిస్తుంది. చూసి, ఆయనకో ఆమెకో ఈ వారమే ఒక ఉత్తరం రాయండి.