చెన్నపురి తీరజలములు - వాని కాపుదల

రాజ్యము యొక్క పొలిమేర ఇసుకతో ముగియదు. తీరమునుండి 12 నాటికల్ మైళ్ల మేర, అనగా సుమారు 22 కిలోమీటర్లు, దేశమునకు ప్రాదేశిక జలము. 200 నాటికల్ మైళ్ల వఱకు, అనగా సుమారు 370 కిలోమీటర్లు, ప్రత్యేక ఆర్థిక మండలము. ఈ మేరలను పార్లమెంటు 1976లో శాసనముచే నిర్ణయించినది. పొలమునకు గట్టు వేయవచ్చును. ఊరికి పొలిమేర రాయి నాటవచ్చును. అలలమీద మాత్రము ఏ రాయియు నిలువదు. కంటికి కనబడని ఈ గట్టును కాచువారెవరు? వారి కాపుదల ఎంతవఱకు సాగును? చెన్నపురి తీరమున 2017లోను, 2023లోను సంభవించిన రెండు విపత్తులను పరిశీలించినచో ఈ ప్రశ్నలకు సమాధానము దొరకును.

సముద్రముపై దొంగ రవాణా పెచ్చుపెరిగిన కాలమున, దానిని అరికట్టు మార్గము నాలోచించుటకు 1974లో రుస్తంజీ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. ఆ సంఘము చేసిన సూచన ననుసరించి 1977 ఫిబ్రవరి 1వ తేదీన తాత్కాలికముగా తీరరక్షక దళము వెలసినది. 1978 నాటి శాసనము దానికి స్థిరరూపము నొసగెను. ఇది కేంద్ర రక్షణ మంత్రిత్వ శాఖకు లోబడి యుండును. దీని తూర్పు ప్రాంత ప్రధాన కార్యాలయము చెన్నపురియందే కలదు. ‘వయం రక్షామః’ అనునది దీని ధ్యేయవాక్యము. దొంగ రవాణాను నిరోధించుట మాత్రమే దీని పని యని పలువురు తలంతురు. కాని ఆపదలోనున్న జాలరులను ఆదుకొనుట, సముద్రపు నీటిని మాలిన్యమునుండి కాపాడుట కూడ ఆ శాసనము దీనికి విధించిన కర్తవ్యములే.

నీటిపై చమురు ఒలికినప్పుడు అనుసరింపవలసిన జాతీయ ప్రణాళిక యొకటి 1996నుండి అమలులో నున్నది. దాని ప్రకారము పనిని సమన్వయపఱచు బాధ్యత తీరరక్షక దళమునది. రేవు హద్దులలో రేవు అధికారులును, ఒడ్డున రాష్ట్ర ప్రభుత్వమును శుభ్రపఱచు బాధ్యత వహింపవలయును. చమురు వ్యాపింపకుండ నీటిపై తేలు అడ్డుకట్టలను పఱతురు. పైకి తేలిన తెట్టును యంత్రములతో తీయుదురు. తెట్టును చిన్న బిందువులుగా విడగొట్టు రసాయనములును కలవు. అయితే వానివలన చమురు తొలగిపోదు, నీటిలో కలిసిపోవును. అందుచే లోతు తక్కువైన నీటిలో, చేపపిల్లలు పెరుగు చోట, వానిని వాడుట క్షేమము కాదు.

2017 జనవరి 28వ తేదీ తెల్లవారుజామున ఎన్నూరు సమీపమున, కామరాజర్ రేవు వెలుపల, బి.డబ్ల్యు. మేపిల్, డాన్ కాంచీపురం అను రెండు ఓడలు ఢీకొన్నవి. చిక్కని ఇంధన చమురు సముద్రము పాలయ్యెను. పర్యావరణమునకు హాని లేదని మొదట ప్రకటన వెలువడినది. ఆ ప్రకటనకంటె వేగముగా చమురే ఒడ్డు చేరినది. ప్రవాహముతోపాటు దక్షిణమునకు సాగి మెరీనా దాటినది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము తెట్టు పోవు దిక్కును లెక్కించి తెలిపెను. తీరరక్షక దళము పనివారిని కూడగట్టెను. కాని ఎర్ణావూరు రాళ్లమధ్య చేరిన చమురు ఉప్పునీటితోను, ఇసుకతోను కలిసి బురదవలె గట్టిపడెను. దానిని పీల్చుటకు గొట్టములకు శక్తి చాలలేదు. తుదకు విద్యార్థులు, జాలరులు, దళ సభ్యులు వరుసగా నిలిచి బక్కెట్లతో ఎత్తిపోసిరి. చేపలు కొనుటకు జనులు జంకిరి. ఓడలతో ఏ సంబంధమును లేని జాలరి గృహమున పొయ్యి వెలుగుట కష్టమయ్యెను.

రెండవ విపత్తు సముద్రమునుండి రాలేదు, భూమినుండి వచ్చెను. 2023 డిసెంబరు మొదటి వారమున మిచాంగ్ తుపాను కురిపించిన వానలకు నగరము మునిగెను. మణలి పారిశ్రామిక ప్రాంతమునుండి చమురు వరదనీటితో కలిసి బకింగ్‌హాం కాలువలోనికిని, అందుండి ఎన్నూరు కయ్యలోనికిని ప్రవహించెను. పెదగంజాం మొదలు మరక్కాణం వఱకు సుమారు 420 కిలోమీటర్లు సాగిన ఈ కాలువ తెలుగువారికి క్రొత్తది కాదు. ఒకప్పుడు తెలుగు తీరమునుండి చెన్నపురికి ధాన్యము, ఉప్పు, వంటచెఱకు పడవలపై తెచ్చిన మార్గమిదియే. అట్టి కాలువ చమురును మోసెను. పడవలు, వలలు, ఇండ్ల గోడలు, మడచెట్ల వేళ్లు నల్లబడినవి. జాతీయ హరిత న్యాయస్థానము తనంతట తానే విచారణ చేపట్టినది.

ఈ రెంటిని పోల్చిచూచినచో విషయము స్పష్టమగును. శాసనము నీటిని రేవు హద్దు, రాష్ట్రపు హద్దు, కేంద్రపు హద్దు అని విభజించినది. బాధ్యతను పంచుటకు ఆ విభజన అవసరమే. కాని చమురు ఆ హద్దుల నెఱుగదు. ఒక హద్దులోనివారు వార్తను ఆలస్యముగా చెప్పినచో, రెండవ హద్దులోని ఓడలు, విమానములు ఎన్ని యున్నను ఫలము కొంచెమే. కాపుదలకు మొదటి సాధనము యంత్రము కాదు, వెంటనే చెప్పిన నిజము. రెండవది, సముద్రరక్షణము సముద్రముననే ఆరంభింపదు. ఆంధ్రదేశపు దక్షిణపు కొండలలో పుట్టిన ఆరణి నది పులికాట్ సరస్సు చేరును. నగరి నది కుశస్థలిలో కలిసి ఎన్నూరునకు వచ్చును. ఆ ఏళ్ల ఒడ్డున పాఱవేసిన మాలిన్యమునకును ఈ తీరమే గమ్యము.

చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15నుండి జూన్ 14వఱకు 61 దినములు తూర్పు తీరమున మరపడవలు ఒడ్డుననే నిలిచియుండును. పూట గడుచుట కష్టమైనను జాలరులు ఈ నియమమును పాటించుచున్నారు. సముద్రము మేలుకై వారు ఇంత త్యాగము చేయుచుండగా, ఓడలవారును, కర్మాగారములవారును తమ నియమములను పాటింపవలెనని కోరుట న్యాయమే. సముద్రముపై ఆపద కనబడినప్పుడు తీరరక్షక దళమునకు తెలుపుటకు 1554 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు. తీరమున నివసించు ప్రతి తెలుగు కుటుంబమునకును ఈ సంఖ్య తెలిసియుండుట మంచిది. ఎన్నూరు తీరమున చమురును మొదట చూచినవారు, మొదట నష్టపోయినవారు కూడ అట్టి సామాన్య తీరవాసులే.