నాగస్వరము కాని నాగస్వరము

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ సీమలో, మానవపాడు మొదలుకొని ఏ యూరికి పోయినను, పెండ్లి ఊరేగింపులో బ్యాండువారు ‘నాగిని’ బాణీని వాయింపక మానరు. ఒకడు చేతిరుమాలును పంట గఱచి పాములవాడగును. మఱియొకడు పడగ విప్పిన పామగును. ఈ బాణీ మొదట సొరకాయ బుఱ్ఱతో చేసిన నాగస్వరమున పుట్టినదని సోదరీమణు లనేకులు తలంచుచుందురు. కాదు. దానిని పలికినది విద్యుచ్ఛక్తితో పనిచేయు నొక మెట్లపెట్టె.

దాని పేరు క్లావియోలిన్. ఫ్రాన్సు దేశస్థుడగు కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో దీనిని కల్పించెను. మెట్లపలక యొకటి, ధ్వనిని పెంచి వినిపించు పెట్టె వేఱొకటి. హార్మోనియములో తిత్తిగాలి రీడులను కదల్చగా నాదము పుట్టును గదా! ఇందు తిత్తియు లేదు, రీడులును లేవు. పాత రేడియోలలోని వంటి వాల్వులు విద్యుత్తును కంపింపజేయగా, ఆ కంపనమే లౌడుస్పీకరున నాదమగును. మీటలు మార్చినచో వాద్యచ్ఛాయ మాఱును. నాదమును వణకించుటకును మీట కలదు. మోకాలితో త్రోయు కమ్మి ధ్వనిని హెచ్చించి తగ్గించును.

ఒక్క పర్యాయమున ఒక్క స్వరమే పలుకుట దీని కొఱత. పియానో నెఱిగిన పాశ్చాత్యులకది లోపమే. మన బాణీలకు కాదు. నాగస్వరమునందును పాట పలుకు గొట్ట మొకటే, రెండవది శ్రుతికి. ఊపిరి తెగకుండ నూదుటయే అందలి విద్య. మెట్టుపై వ్రేలున్నంత వఱకు తెగని నాదమిచ్చు నీ యంత్రము ఆ పనికే పుట్టినట్లు కుదిరెను.

1954లో వెలువడిన హిందీ చిత్రము ‘నాగిన్’లో దీనిని వాయించినవారు కల్యాణ్‌జీ. పిదప తమ్ముడు ఆనంద్‌జీతో కూడి సంగీతదర్శకుడైనవాడాయనయే. తోడుగా హార్మోనియము పట్టినవారు రవి. గమకములు పలుకజాలదని 1940లో ఆలిండియా రేడియో వెలివేసిన హార్మోనియమే యిక్కడ అక్కఱకు వచ్చుట మాకు ముచ్చటగా తోచినది! లతా మంగేష్కర్ గానమును, వైజయంతిమాల నృత్యమును జగమెఱిగినవే. సంగీతదర్శకుడగు హేమంతకుమారునకు ఫిలింఫేర్ బహుమానము లభించెను. వాయించిన చేతులను మాత్రము జనులు తలంపలేదు.

పడమటి దేశములలో 1962 నాటి ‘టెల్‌స్టార్’ గీతమున దీని ధ్వని మాఱుమ్రోగెను; 1967లో బీటిల్సు వారును వాడిరి. అనేక స్వరములను ఒక్కమాఱు పలుకు వాద్యములు రాగానే ఇది మూలబడెను.

పాములవారి గతియు నట్లే యయ్యెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత పాములను పట్టి యాడించుట నేరమైనది. అది న్యాయమే, పాము కోఱలు పెఱికి యాడించుట వినోదము కాదు. అయినను ఊపిరి తెగక నూదు విద్య చేసిన నేరమేమి? పాము ఊగునది కండ్లయెదుట కదలు బుఱ్ఱను చూచియే గాని పాటకు మురిసి కాదు. కావున పాము లేకున్నను పాటకు వచ్చిన లోటు లేదు. నాగస్వర మూదగల వృద్ధు లెవరైన మీ యూరి చెంత నున్నచో, ఇంట పెండ్లి తటస్థించినపుడు బ్యాండువారి సరసన వారికిని తాంబూల మిచ్చి పిలువుడని మా మనవి.