చెవిలోని హోరు

మాఘమాసములో మహబూబాబాదున ఒక బంధువుల యింట వివాహమునకు పోయితిని. ఊరేగింపులో డీజే పెట్టెల ప్రక్కనే అరగంటసేపు నడువవలసివచ్చినది. ఆ రాత్రి ఊరంతయు నిద్రించినను నా చెవులలోని కీచురాళ్లు నిద్రింపలేదు. రెండేండ్ల క్రిందట ఒకమారు వచ్చి సద్దుమణగిన హోరే మరల మేల్కొన్నది. రెండునాళ్లకు తరగతిలో పోతన పద్యము చదువుచుండగా, పద్యముకంటె హోరే నాకు హెచ్చుగా వినబడినది. పద్యము చెవితో బ్రదుకునది. పద్యముతో నేను బ్రదుకువాడను. భయము కలిగినది.

ఈ బాధ క్రొత్తది కాదు. మాధవ నిదానము దీనిని కర్ణనాదమని పేర్కొని, రోగికి భేరీ మృదంగ శంఖముల ధ్వనులు వినబడునని వర్ణించినది. లోచెవిలో నత్తగుల్లవంటి భాగమున్నది. అందు సుమారు పదునైదువేల సున్నితమైన రోమకణములు గలవు. పెనుశబ్దము వానిని గాలివానకు వరిచేనువలె వంచును. కొన్ని కొలదిదినములలో తేరుకొనును. చచ్చినవి మరల మొలవవు. చెవినుండి వార్త తగ్గినప్పుడు మెదడు తన ఆలకింపును పెంచుకొనును. ఆ పెంపులో పుట్టునదే హోరని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.

జనగామ చెంత పెంబర్తిలో ఇత్తడి రేకులపై సుత్తెలు మ్రోగును. భూపాలపల్లి బొగ్గుగనులలో యంత్రములు ఘోషించును. అచ్చటివారికి చప్పుడు కూడు పెట్టును. మనమో, వేడుకకై దానిని కొనితెచ్చుకొనుచున్నాము! 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలు ఓర్వవచ్చునని నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ గడువు సగమగును. 100 డెసిబెళ్లకు మిగులునది 15 నిమిషములే.

మొదటి రాత్రులు దూది పెట్టుకొని, తలుపులు మూసికొని పడుకొంటిని. హోరు ఇనుమడించినది. నిశ్శబ్దములో దానికి ఎదురులేదు గదా! వైద్యుడు విని నవ్వి, పెద్ద చప్పుళ్లకు దూరముగా నుండుమనెను. చిన్న చప్పుళ్లనుండి మాత్రము పారిపోవలదనెను. పంకా సవ్వడి, మెల్లని రేడియో తోడుంచుకొంటిని. హోరు తగ్గినదా యని గడియగడియకు పరీక్షించుట మానితిని. మూడు వారములకు అది గోడగడియారపు చప్పుడువలె వెనుకకు జరిగినది.

దీనిని మాన్పునని నిర్ధారణయైన మాత్ర లేదు. తలపుల తీరు దిద్దు మనశ్చికిత్స వలన బాధ తగ్గునని పరిశోధనలు తెలుపుచున్నవి. అయితే, ఒక చెవి హఠాత్తుగా వినికిడి కోల్పోయినచో ఓపిక పట్టరాదు. ఆనాడే వైద్యుని చూడవలెను.

ఫాల్గుణములో మరియొక పెండ్లి వచ్చినది. చెవులలో మెత్తని బిరడాలుంచుకొని, పెట్టెలకు చాల వెనుకగా నడిచితిని. మేనల్లుడు చూచి, “మామయ్యా, పాట వినపడుతలేదా?” యని యడిగెను.

“వినపడుతున్నది నాయనా. రేపు పోతన పద్యం కూడ వినపడాలె గదా!” యంటిని.