నాన్న నోకియా 1100ని ప్లాస్టిక్ ఇటుకలతో కట్టాను: ఫ్యాన్ మేడ్ బ్రిక్ మోడల్స్ వెనకున్న ఇంజనీరింగ్

నేను మామూలుగా రాసేది ప్రాసెసర్లు, కెమెరాలు, బ్యాటరీ బ్యాకప్ గురించి. ఈసారి నా చేతిలో ఉన్న ఫోన్‌కి ఇవేవీ లేవు. సిమ్ వేయలేరు, కాల్ చేయలేరు, స్క్రీన్ మీద ఏమీ కనపడదు. 200కి పైగా చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలతో నేనే కట్టిన నోకియా 1100 ఇది. వెర్షన్ 1 ఫెయిల్ అయింది. వెర్షన్ 2 మా నాన్న జేబులో ఉంది.

ముందు ఇది ఎందుకు కట్టానో చెప్తాను.

మాది పల్నాడులో ఒక పల్లెటూరు. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో నాన్న ఏ ఒంటిగంటకో లేచి మోటార్ వేయడానికి పొలం వెళ్లేవారు. ఆయన చేతిలో ఉండేది నోకియా 1100. 2003లో వచ్చిన ఈ ఫోన్ ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. పైన చిన్న టార్చ్ ఉండేది. మా ఇంట్లో దాన్ని ఫోన్‌గా కన్నా టార్చ్‌గానే ఎక్కువ వాడారు.

మూడేళ్ల కింద సంక్రాంతికి ఇల్లు సర్దుతూ ఆ ఫోన్‌ని పాత ఛార్జర్లు, తెగిపోయిన ఇయర్‌ఫోన్లతో కలిపి పాత సామాన్ల వాడికి వేసేశాను. రెండు రోజుల తర్వాత నాన్న "ఆ పాత ఫోన్ ఏడ బెట్టావురా?" అని అడిగారు. చెప్పాను. "సర్లే, పాతదేగా" అన్నారు. ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. కొనిస్తే అది ఇంకెవరో వాడిన ఫోన్ అవుతుంది. అందుకే కట్టాలనుకున్నాను.

అసలు ఎంఓసీ అంటే ఏంటి?

బ్రిక్ ఫ్యాన్స్ దగ్గర మీకు తరచుగా వినపడే మాట ఎంఓసీ. "మై ఓన్ క్రియేషన్" అన్నమాట. డబ్బాతో వచ్చిన బుక్‌లెట్ చూసి కట్టేది సెట్. బుక్‌లెట్ లేకుండా మీ సొంత డిజైన్‌తో కట్టేది ఎంఓసీ.

లెగో కంపెనీ డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో మొదలైంది. ఇప్పుడు మనం చూస్తున్న ఇటుకకి, అంటే పైన బొడిపెలు, కింద లోపల గొట్టాలు ఉన్న డిజైన్‌కి, 1958 జనవరి 28న పేటెంట్ అప్లై చేశారు. ఆ ఏడాది తయారైన ఇటుక ఈ ఏడాది కొన్న ఇటుకకి పట్టేస్తుంది. రెండేళ్లకోసారి ఛార్జింగ్ పోర్ట్ మారిపోయే ఫీల్డ్‌లో పనిచేసే నాకు ఈ బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ చూస్తే అసూయగా ఉంటుంది.

బొడిపెలు రెండు వరుసల్లో నాలుగేసి ఉండే మామూలు ఇటుకలు, ఒకే రంగువి ఆరు తీసుకోండి. వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చో డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కపెట్టించాడు. 91,51,03,765 రకాలు. ఇది ఆరు ఇటుకలకే!

బొమ్మ మాత్రమే కాదు, పనిచేస్తుంది కూడా

ఫ్యాన్స్ కట్టిన మోడల్స్ ఫొటోలు చూసి "అచ్చం అలాగే ఉంది" అని వదిలేస్తాం. నాకు నచ్చేవి మాత్రం పనిచేసే మోడల్స్.

గ్రీసు దగ్గర సముద్రంలో దొరికిన ఆంటికితెరా యంత్రం గురించి వినే ఉంటారు. గ్రహణాలు ఎప్పుడొస్తాయో పళ్ల చక్రాలతో లెక్కగట్టే, రెండు వేల ఏళ్ల నాటి యంత్రం. ఆపిల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా ఉన్న ఆండ్రూ కరోల్ దాన్ని లెగో టెక్నిక్ గేర్లతో మళ్లీ కట్టాడు. హ్యాండిల్ తిప్పితే గ్రహణం తేదీ చూపిస్తుంది.

2012లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సైమన్ కాక్స్ టీమ్ 64 రాస్ప్‌బెర్రీ పై బోర్డులతో ఒక చిన్న సూపర్ కంప్యూటర్ తయారు చేసింది. బోర్డుల ర్యాక్ మొత్తం లెగో ఇటుకలదే. ఆ ర్యాక్ పనిలో ప్రొఫెసర్‌గారి ఆరేళ్ల కొడుకు చెయ్యి కూడా ఉంది.

2014లో కాలిఫోర్నియాలో ఉండే శుభమ్ బెనర్జీ అనే 12 ఏళ్ల అబ్బాయి స్కూల్ సైన్స్ ఫెయిర్ కోసం లెగో మైండ్‌స్టార్మ్స్ కిట్‌తో బ్రెయిలీ ప్రింటర్ చేశాడు. మార్కెట్‌లో బ్రెయిలీ ప్రింటర్లు వేల డాలర్లు. ఆ కిట్ సుమారు 350 డాలర్లు. అండోరా దేశానికి చెందిన డేవిడ్ అగీలార్ పుట్టుకతోనే కుడి ముంజేయి లేనివాడు. లెగో హెలికాప్టర్ సెట్ ముక్కలతో తన చేతిని తానే కట్టుకున్నాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు.

మోడల్ నిజంగా షాపులోకి వస్తుందా?

కొన్ని వస్తాయి. లెగో ఐడియాస్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. 2008లో జపాన్‌లో కూసో పేరుతో మొదలైంది, 2014లో ఇప్పటి పేరు వచ్చింది. రూల్ సింపుల్. మీ మోడల్‌కి 10,000 మంది సపోర్ట్ రావాలి. వచ్చాక కంపెనీ రివ్యూ చేస్తుంది. ఓకే అయితే సెట్‌గా వస్తుంది, అమ్మకాల్లో ఒక శాతం డిజైన్ చేసిన ఫ్యాన్‌కి వెళ్తుంది. 10,000 దాటినా రిజెక్ట్ అయినవే ఎక్కువ.

అలా వచ్చిన వాటిలో నా ఫేవరెట్ 2014 నాటి క్యూరియాసిటీ రోవర్. 295 ముక్కలు. డిజైన్ చేసింది స్టీఫెన్ పక్‌బజ్. ఆయన నాసా జేపీఎల్‌లో అసలు క్యూరియాసిటీ మీదే పనిచేసిన మెకానికల్ ఇంజనీర్! ఆఫీసులో అసలుది, ఇంటికొచ్చి బొమ్మది. 2017లో వచ్చిన శాటర్న్ 5 రాకెట్‌లో సరిగ్గా 1,969 ముక్కలు ఉంటాయి, మనిషి చంద్రుడి మీద దిగిన సంవత్సరం అది. 2021లో వచ్చిన టైప్‌రైటర్‌లో కీ నొక్కితే క్యారేజ్ కదులుతుంది. 2024లో వచ్చిన పోలరాయిడ్ కెమెరాలో ఎర్ర బటన్ నొక్కితే ముందు నుంచి ఫొటో కార్డు బయటికి తోసుకొస్తుంది.

ఇవన్నీ నేను చదివాను, వీడియోలు చూశాను. అయినా నా మోడల్ దగ్గరికి వచ్చేసరికి అసలు విషయం మర్చిపోయాను. అది తర్వాత చెప్తా.

8, 9.6, 3.2: ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి

ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకి దూరం 8 మి.మీ. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. ప్లేట్ అనే పల్చటి ముక్క ఎత్తు 3.2 మి.మీ. అంటే మూడు ప్లేట్లు ఒక ఇటుకతో సమానం. మీరు ఏది కట్టాలన్నా దాని కొలతల్ని ఈ అంకెల్లోకి దించాలి.

నోకియా 1100 పొడవు 106, వెడల్పు 46, మందం 20 మి.మీ. వెడల్పు ఆరు బొడిపెలు పెడితే 48. పొడవు పదమూడు పెడితే 104. మందం ఆరు ప్లేట్లు పెడితే 19.2. ఏ వైపు చూసినా తేడా 2 మి.మీ. దాటలేదు. ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే మొదటి సమస్య. అంచులు పోగా లోపల మిగిలింది నాలుగు బొడిపెల వెడల్పు. కీప్యాడ్‌కి కావాల్సింది మూడు నిలువు వరుసలు. నాలుగులో మూడుని మధ్యకి ఎలా తెస్తాం? జంపర్ ప్లేట్ అని ఒక ముక్క ఉంది. రెండు బొడిపెల స్థలం తీసుకుని, సరిగ్గా మధ్యలో ఒకే బొడిపె ఇస్తుంది. ఎడమ వరుస మామూలు ప్లేట్ మీద, మధ్యలో 2, 5, 8, 0 జంపర్ల మీద, కుడి వరుస మళ్లీ మామూలు ప్లేట్ మీద. కీకి కీకి మధ్య 4 మి.మీ. ఖాళీ సమానంగా వచ్చేసింది.

రెండోది పొడవు. పదమూడు బొడిపెల ప్లేట్ దొరకదు. ఎనిమిది, నాలుగు, ఒకటి కలిపి వేశాను. పై వరుసలోనూ అలాగే వేస్తే చేతిలోకి తీసుకోగానే రెండు ముక్కలైంది. మా ఊళ్లో ఏ మేస్త్రీని అడిగినా చెప్పేవాడు, అతుకు మీద అతుకు రాకూడదని. పై వరుసని తిప్పి వేశాక గట్టిపడింది.

మూడోది టార్చ్. ఇటుకల బొడిపెలన్నీ పైకి చూస్తాయి. టార్చ్ ముందుకి చూడాలి. దీనికి హెడ్‌లైట్ బ్రిక్ వాడాను. పక్కకి కూడా ఒక బొడిపె ఉండే చిన్న ఇటుక ఇది. ఇలా బొడిపెల్ని పక్కలకి తిప్పి కట్టే పద్ధతిని ఫ్యాన్స్ స్నాట్ అంటారు. ముందు ఒక పారదర్శకమైన గుండ్రటి ముక్క అంటించాను. చూడ్డానికి అచ్చం టార్చే.

డిజైన్ అంతా ముందు ల్యాప్‌టాప్‌లో చేశాను. బ్రిక్‌లింక్ వాళ్ల స్టూడియో సాఫ్ట్‌వేర్ ఫ్రీ. రెండు ముక్కలు ఒకే చోట గుద్దుకుంటే చెప్తుంది, చివర్లో పార్ట్స్ లిస్ట్ ఇస్తుంది. ఇలాంటి వాటికి దారి వేసింది ఎల్‌డ్రా. ఆస్ట్రేలియాకి చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో ఒక్కడే రాశాడు. 1997లో ఆయన చనిపోయారు. ఫ్యాన్స్ దాన్ని వదలకుండా ఇప్పటికీ కొనసాగిస్తున్నారు. ఆ ఫార్మాట్ ఇవాళ్టికీ నడుస్తోంది.

ముక్కలు కొనడమే అసలు కష్టం

మన దగ్గర ఈ హాబీ ఖరీదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. విదేశాల నుంచి నాలుగు ముక్కలు తెప్పించుకుందామంటే ముక్కల కన్నా షిప్పింగ్ ఎక్కువ. అందుకని నేను మిక్స్ చేశాను. సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ ముక్కలు కొన్ని, కంపాటిబుల్ బ్రాండ్లవి మిగతావి.

ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర ముదురు నీలం టైల్స్ ఆర్డర్ పెడితే రెండు వారాల తర్వాత ఊదా రంగువి వచ్చాయి. రిటర్న్ లేదు. చవక ముక్కల్లో ఇంకో సమస్య పట్టు. కొన్ని మరీ వదులు, కొన్ని పీకితే గోరు లేచిపోయేంత బిగువు. నా సలహా ఏంటంటే, లోపల కనపడని చోట చవకవి వాడండి, చేతికి తగిలే పై వరుసకి మాత్రం మంచివి పెట్టండి.

వెర్షన్ 1: యూజర్ ఫీడ్‌బ్యాక్

దసరాకి ఊరెళ్లి నాన్న చేతిలో పెట్టాను. "ఏందిరా ఇది?" అన్నారు. తిప్పి చూశారు. చూస్తూనే గుర్తుపట్టారు, మొహంలో తెలిసింది. ఏమీ మాట్లాడకుండా ఫోన్‌ని కుడిచేతిలోకి తీసుకుని, బొటనవేలితో సి బటన్ నొక్కి పట్టుకున్నారు. అసలు ఫోన్‌లో టార్చ్ వెలిగేది అలాగే.

ఏమీ జరగలేదు. జరగదు కదా, అది అంటించిన టైల్.

"ఎలగదంట్రా?" అన్నారు.

"బొమ్మ కదా నాన్నా."

"ఓహో" అని టీవీ పక్కన పెట్టారు.

కొలతలు మి.మీ. లెక్కన సరిచూసిన నేను, ఆయన ఆ ఫోన్‌ని దేనికి వాడారో మర్చిపోయాను. ఆ రాత్రే ల్యాప్‌టాప్ తెరిచాను.

వెర్షన్ 2: ఒకే ఒక్క ఫీచర్

అదృష్టం కొద్దీ, హెడ్‌లైట్ బ్రిక్ పక్క బొడిపెకి మధ్యలో రంధ్రం ఉంటుంది. 3 మి.మీ. ఎల్‌ఈడీ వెనక నుంచి దూరిస్తే సరిగ్గా పడుతుంది. ఇక బ్యాటరీ. సీఆర్2032 కాయిన్ సెల్ మందం 3.2 మి.మీ., అంటే ఒక ప్లేట్ అంత! ఎగిరి గంతేసి, ఒక ప్లేట్ ఎత్తు గూడు వదిలాను. మూత పడలేదు. ఎల్‌ఈడీ కాలు మందం లెక్కలో వేసుకోలేదు. అర మిల్లీమీటర్ అంతే, కానీ ఈ ఇటుకలు అర మిల్లీమీటర్‌ని కూడా క్షమించవు. గూడు రెండు ప్లేట్లు చేసి, మిగిలిన ఖాళీలో కాగితం మడిచి పెట్టాను.

సి బటన్ టైల్‌ని బొడిపె మీద నుంచి తీసేసి వదులుగా కూర్చోబెట్టాను. దాని కింద ఎల్‌ఈడీ రెండో కాలుని స్ప్రింగ్‌లా వంచాను. నొక్కితే కాలు సెల్‌కి తగులుతుంది, వెలుగుతుంది. వదిలితే ఆరిపోతుంది. సర్క్యూట్ బోర్డు లేదు, సోల్డరింగ్ లేదు.

రివ్యూ సంగతి

ముక్కలు: 214. టైమ్: రెండు వెర్షన్లకి కలిపి ఐదు వారాంతాలు. ఖర్చు: పనికిరాని ఊదా టైల్స్‌తో కలిపి 2,900 రూపాయలు.

ప్లస్‌లు: చేతిలో సైజు అసలు ఫోన్ లాగే ఉంటుంది, టార్చ్ వెలుగుతుంది, ఏ ముక్క పోయినా మార్చుకోవచ్చు.

మైనస్‌లు: కిందపడితే ముక్కలవుతుంది, అసలు నోకియాతో ఈ విషయంలో పోటీయే లేదు. మూలలు అసలు ఫోన్ అంత గుండ్రంగా రాలేదు. స్నేక్ గేమ్ లేదు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ముందేమీ కొనకండి. స్టూడియోలో డిజైన్ చేసి, పార్ట్స్ లిస్ట్ చూసి అప్పుడు కొనండి. ఇంట్లో పాత సెట్లు ఉంటే రీబ్రికబుల్‌లో వాటి నంబర్లు ఎంటర్ చేయండి, ఆ ముక్కలతోనే ఇంకేం కట్టొచ్చో చూపిస్తుంది. మోడల్‌గా ఏది ఎంచుకున్నా, దాన్ని వాడినవాళ్లని ఒక్క మాట అడగండి, మొదట దేని మీద చెయ్యి వేస్తారో. నేను అడగకుండా మొదలుపెట్టి ఒక వెర్షన్ నష్టపోయాను.

సంక్రాంతికి వెర్షన్ 2 ఇచ్చాను. నాన్న మళ్లీ అలాగే బొటనవేలితో నొక్కారు. వెలిగింది. గోడ మీదకి ఒకసారి, నా మొహం మీదకి ఒకసారి వేసి చూశారు. పోయినవారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది, సెల్ అయిపోయిందట, ఆయనే కిరాణా కొట్టుకి వెళ్లి కొత్తది తెచ్చుకున్నారట. మూత ఎలా తీయాలో మాత్రం నన్ను వీడియో కాల్‌లో అడిగారు.