‘గూగుల్‌తో సైన్ ఇన్’, ‘డిజిలాకర్‌తో లాగిన్’ నొక్కినా పని చేయట్లేదా? ముందు ఇవి చూసుకోండి

దరఖాస్తుకు చివరి రోజు. వెబ్‌సైట్‌లో ‘గూగుల్‌తో సైన్ ఇన్’ నొక్కారు. చిన్న విండో ఒకటి మెరిసి మాయమైంది. మళ్లీ నొక్కితే మళ్లీ మొదటి పేజీయే. ఫోన్ పాతదనో, సర్వర్ డౌన్ అనో వదిలేస్తాం. చాలాసార్లు కారణం అంతకంటే చిన్నదే, మన చేతిలో ఉన్నదే.

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ లాంటి సింగరేణి కాలనీల్లో ఇలాంటి పనులు చాలావరకు ఫోన్‌లోనో, దగ్గర్లోని నెట్ సెంటర్‌లోనో అయిపోతాయి. అందుకే అక్కడ ఎదురయ్యే ఇబ్బందులు కూడా కలిపి చెప్తున్నాం.

అసలు ఆ బటన్ ఏం చేస్తుంది?

ఇందులో ముగ్గురుంటారు: మీరు, మీరు వెళ్లాలనుకున్న వెబ్‌సైట్, మీ గురించి హామీ ఇచ్చే మూడో సంస్థ. బటన్ నొక్కగానే వెబ్‌సైట్ మిమ్మల్ని ఆ మూడో సంస్థ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్, ఓటీపీ అక్కడే ఇస్తారు. ‘ఈయన ఫలానా’ అని ఆ సంస్థ ఒక కోడ్ ఇచ్చి మిమ్మల్ని వెనక్కి పంపుతుంది. మీ పాస్‌వర్డ్ వెబ్‌సైట్‌కు చేరదు.

ప్రభుత్వ సైట్ల కోసం ఇదే పద్ధతిలో ‘మేరీ పెహచాన్’ను 2022 జులైలో ప్రారంభించారు. డిజిలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్.. ఈ మూడింటిలో ఏదో ఒక ఖాతాతో లోపలికి వెళ్లొచ్చు. అయితే ఈసారి ఏ దాంతో వెళ్లారో వచ్చేసారీ దాంతోనే వెళ్లడం మంచిది.

అంటే వెళ్లే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఒకటి. ఎక్కడ ఆగిపోయిందో గమనిస్తే సగం సమస్య తెలిసిపోయినట్టే.

నొక్కితే ఏమీ జరగకపోతే

బ్రౌజర్ పాప్-అప్‌ను ఆపేసి ఉంటుంది. అడ్రస్ బార్ దగ్గర గానీ, స్క్రీన్ కింద గానీ ‘పాప్-అప్ బ్లాక్ అయింది’ అని కనిపిస్తే ఆ సైట్‌కు మాత్రమే అనుమతి ఇవ్వండి. యాడ్ బ్లాకర్ ఉంటే కాసేపు ఆపి చూడండి.

‘403’ ఎర్రర్, ‘డిస్‌అలౌడ్ యూజర్ ఏజెంట్’ అని వస్తే

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో లింక్ నొక్కితే అది ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. అలాంటి లోపలి బ్రౌజర్ల నుంచి లాగిన్‌ను గూగుల్ 2021 నుంచి అనుమతించడం లేదు. మీరు టైప్ చేసేది ఆ యాప్ చూసే వీలుండటమే కారణం. పైన మూడు చుక్కలు నొక్కి ‘క్రోమ్‌లో తెరవండి’ లేదా ‘బ్రౌజర్‌లో తెరవండి’ ఎంచుకుంటే సరిపోతుంది.

ఓటీపీ కొట్టాక కూడా మొదటి పేజీకే వస్తే

తిరిగొచ్చే దారిలో తేడా ఉందన్నమాట. ఇన్‌కాగ్నిటో విండోలో ఉంటే మామూలు విండోకు మారండి. సెట్టింగ్స్‌లో కుకీలన్నీ ఆపేసి ఉన్నాయేమో చూడండి. బ్రౌజర్ మొత్తం డేటా చెరపక్కర్లేదు, ఆ ఒక్క సైట్ డేటా తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఫోన్‌లో తేదీ, సమయం ‘ఆటోమేటిక్’లో ఉండాలి. గడియారం తప్పుగా ఉంటే ఇలాంటి కోడ్‌లు చెల్లకుండా పోవచ్చు.

లోపలికి వెళ్లారు, కానీ మీ దరఖాస్తు కనిపించట్లేదా?

అన్నిటికంటే కంగారు పెట్టేది ఇదే. మీరు వేరే మెయిల్‌తో వెళ్లి ఉంటారు. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలుంటే ఇది మామూలే. సైట్ మిమ్మల్ని కొత్త మనిషి అనుకుని ఖాళీ ఖాతా తెరిచేస్తుంది. అక్కడ మళ్లీ దరఖాస్తు చేయకండి. లాగౌట్ అయ్యి, మిగతా మెయిల్స్‌తో ఒక్కొక్కటిగా వెళ్లి చూడండి.

నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించుకున్నవారు మరో సంగతి గుర్తు చేసుకోవాలి. తొందరలో అక్కడి కంప్యూటర్‌లో అప్పటికే తెరిచి ఉన్న మెయిల్‌తోనే ఖాతా తెరిచేసి ఉండొచ్చు. అప్పుడు హాల్ టికెట్, నోటీసులు అన్నీ సెంటర్ మెయిల్‌కే వెళ్తాయి. రసీదు మీద ఏ మెయిల్ ఉందో ఇప్పుడే చూసుకోండి. మీది కాకపోతే గడువు ముగియకముందే ప్రొఫైల్‌లో మార్పించుకోండి.

డిజిలాకర్ ఓటీపీ రాకపోతే

డిజిలాకర్ తెరిచినప్పుడు ఇచ్చిన నంబర్, ఆధార్‌లో ఉన్న నంబర్ వేర్వేరు కావచ్చు. ఆధార్ నంబర్‌తో వెళ్తే ఓటీపీ ఆధార్‌లో ఉన్న నంబర్‌కే వస్తుంది. ఆ సిమ్ పోయి ఉంటే ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. ముందు ఆధార్‌లో నంబర్ మార్పించుకోవాలి. ఆరంకెల పిన్ మర్చిపోతే లాగిన్ పేజీలోనే ‘ఫర్గాట్ పిన్’ ఉంటుంది.

పేరు కలవకపోతే బటన్ ఏమీ చేయలేదు

లాగిన్ అయినా కొన్నిచోట్ల ‘వివరాలు సరిపోలలేదు’ అని వస్తుంది. డిజిలాకర్ పంపేది ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ. అవతలి రికార్డులో మరో పేరుంటే కంప్యూటర్ ఇద్దరు మనుషులనే అనుకుంటుంది. సింగరేణిలో దీని బరువు ఎక్కువ. ఒకప్పుడు వేరే పేరుతో ఉద్యోగంలో చేరిన కార్మికుల కుటుంబాలు ‘మారుపేర్ల’ సమస్యతో ఏళ్లుగా తిరుగుతున్నాయి. ఇంటిపేరులో అక్షరం తేడా అయినా, మనిషే వేరని తేలినా, స్క్రీన్ మీద వచ్చే సందేశం ఒకటే. దీన్ని ఫోన్‌లో సరిచేయలేం. ఆధార్‌లో తప్పుంటే ఆధార్‌లో, కంపెనీ లేదా సీఎంపీఎఫ్ రికార్డులో తప్పుంటే ఆ కార్యాలయంలో రాతపూర్వకంగా సరిచేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో చేయాల్సిన పని రోజులు దగ్గర పడకముందే ఈ రెండూ పోల్చి చూసుకోండి.

తప్పు సైట్‌దే అయితే

‘రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్’ అని వస్తే మీరు చేయగలిగింది ఏమీ లేదు. సైట్ నడిపేవాళ్లు నమోదు చేసిన చిరునామాలో తేడా ఉందని అర్థం. సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి హెల్ప్‌డెస్క్‌కు పంపండి. గడువు విషయంలో తర్వాత అడగాల్సి వస్తే అదే మీ ఆధారం. అదే ఖాతాకు మొబైల్ ఓటీపీతో వెళ్లే దారి ఉంటే అది వాడండి.

మోసపోకుండా..

పాస్‌వర్డ్ అడిగే పేజీ అడ్రస్ చదవండి. గూగుల్‌ది ‘అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్’. డిజిలాకర్‌ది ‘డాట్ జీవోవీ డాట్ ఇన్’తో ముగియాలి. పేరు, మెయిల్ అడగడం మామూలే. మీ మెయిల్స్ చదవడానికి, డ్రైవ్ ఫైళ్లు చూడటానికి అనుమతి అడిగితే ఆగి ఆలోచించండి. నెట్ సెంటర్‌లో పని అయ్యాక వెబ్‌సైట్ నుంచి ఒక్కటే కాదు, గూగుల్ నుంచీ లాగౌట్ కావాలి. లేకుంటే తర్వాత కూర్చున్నవారు అదే బటన్ నొక్కి మీ ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఇంకో పని. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో మీరు ఏయే సైట్లకు, యాప్‌లకు అనుమతి ఇచ్చారో జాబితా ఉంటుంది. వాడనివి తీసేయండి. ఆ ఒక్క జీమెయిల్ పోతే దాంతో తెరిచిన ఖాతాలన్నీ చేజారతాయి కాబట్టి, రికవరీ నంబర్‌గా ఇప్పుడు మీ చేతిలో ఉన్న సిమ్ నంబరే ఉందో లేదో చూసుకోండి.