గోధుమ ధర: అపోహలు – వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల్లో గోధుమ సాగు నామమాత్రమే. కానీ చపాతీ పిండి, ఉప్మా రవ్వ, మైదా కొనని ఇల్లు అరుదు. ఆ ధర ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడం మనకూ అవసరమే. 2022 అనుభవం చాలా అపోహలను తొలగిస్తుంది.

అపోహ: పైరు ఏపుగా ఉంటే దిగుబడికి ఢోకా లేదు.

వాస్తవం: నవంబరులో విత్తిన పైరుకు అసలు పరీక్ష మార్చిలోనే. గింజ పాలు పోసుకునే రోజుల్లో ఎండ ముదిరితే, అది నిండకముందే పైరు పండిపోతుంది. వెన్నులు ఎప్పటిలాగే కనిపిస్తాయి. నలిపి చూస్తే గింజలు సన్నగా, ముడుతలు పడి ఉంటాయి, తూకం తగ్గిపోతుంది. 2022 మార్చిలో పంజాబ్, హర్యానా రైతులను దెబ్బతీసింది ఇదే. ఫిబ్రవరిలో 11.13 కోట్ల టన్నులన్న ప్రభుత్వ అంచనా మే నెలకు 10.64 కోట్లకు దిగింది.

అపోహ: మద్దతు ధర ప్రకటిస్తే చాలు, ప్రభుత్వ గోడౌన్లు నిండుతాయి.

వాస్తవం: ఎక్కువ ఇచ్చేవారికే రైతు అమ్ముతాడు, అది అతని హక్కు. ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,015. చాలా మండీల్లో వ్యాపారులు అంతకు మించి ఇచ్చారు. ముందటేడు సుమారు 433 లక్షల టన్నులున్న ప్రభుత్వ సేకరణ 188 లక్షలకు పడిపోయింది. కొన్ని రాష్ట్రాల్లో ఉచిత రేషన్‌లో గోధుమ తగ్గించి బియ్యం ఇచ్చారు.

అపోహ: మన దగ్గర ధర పెరగడానికి ఉక్రెయిన్ యుద్ధమే కారణం.

వాస్తవం: యుద్ధం మన ఎగుమతులకు గిరాకీ పెంచిన మాట నిజమే. అయితే 2022 మే 13న కేంద్రం ఎగుమతులను నిషేధించింది. తర్వాత ప్రపంచ ధర దిగివచ్చినా మన ధర పెరుగుతూనే పోయింది. ఇక్కడ నిల్వలు పలుచబడ్డాయి. 40 శాతం సుంకం ఉండగా బయటి గోధుమ తెప్పించడం గిట్టుబాటు కాదు. 2023 జనవరి చివర్లో 30 లక్షల టన్నులు బహిరంగ మార్కెట్‌కు వదులుతామని కేంద్రం ప్రకటించాకే ధర దిగడం మొదలైంది.

అపోహ: ధర పెరిగితే లాభమంతా రైతుదే.

వాస్తవం: అప్పులు తీర్చాల్సిన చిన్న రైతు ఏప్రిల్, మే నెలల్లోనే అమ్ముకుంటాడు. ధర ఎక్కువగా పెరిగేది కొత్త పంటకు ముందు, చలికాలంలో. అప్పటిదాకా సరుకు దాచుకోగలిగినవారికే ఆ లాభం. పండించినవాడికీ, కొని తినేవాడికీ న్యాయం జరగాలంటే కోతల వేళ మంచి ధరకు సేకరణ జరగాలి, కొరత మొదలవగానే నిల్వలు మార్కెట్‌లోకి రావాలి.